ఇరవై అయిదో చుట్టు

మూడేళ్ళలో వెటరన్ల అథ్లెటిక్స్ సంఘానికి ఆరు ఉత్తరాలు రాశాను. నాలుగు మామూలు తపాలాలో పంపాను, రెండు రిజిస్టర్డ్ పోస్టులో. రిజిస్టర్ చేసినవి అందినట్టు ఎవరిదో సంతకంతో కార్డులు తిరిగి వచ్చాయి. అంటే కవరు పుచ్చుకున్న మనిషి ఒకడున్నాడు. దాన్ని చించి చూసే తీరిక అతనికి దొరికిందో లేదో నాకు తెలియదు. "మీ ఉత్తరం చేరింది, పరిశీలిస్తాం" అని ఒక అబద్ధమైనా రాసి పంపవచ్చు కదా. అదీ లేదు. నేను ముప్ఫై నాలుగేళ్ళు బడిపంతులుగా చేశాను. ఎంత మొద్దు పిల్లవాడు చెయ్యెత్తినా "ఏంరా?" అని అడగకుండా ఒక్కరోజూ లేను. మూడేళ్ళుగా నేను చెయ్యెత్తి నిలబడి ఉన్నాను.

నేను పతకం అడగలేదు. ఆ సంగతి మొదటే చెప్పాలి, ఎందుకంటే మా ఊళ్ళో చాలామంది నేను పతకం కోసం ఏడుస్తున్నాననుకుంటున్నారు. మన గుంటూరులో జరిగిన వెటరన్ల జాతీయ అథ్లెటిక్స్ పోటీల్లో, అరవై దాటిన మగవాళ్ళ పదివేల మీటర్ల పరుగు ఫలితాల కాగితం మీద, నా నంబరుకు ఎదురుగా మూడు ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. వాటి అర్థం పరుగు పూర్తి చెయ్యలేదని. చదివేవాడికి ఏమనిపిస్తుంది? ముసలాయన మధ్యలో ఆయాసం వచ్చి కూర్చున్నాడనిపిస్తుంది. నేను కూర్చోలేదు. నన్ను ఆపారు. ఆపారని రాయమంటున్నాను. నా గొడవంతా ఇంతే.

మాది ప్రత్తిపాడు పక్కన ఊరు. మిషన్ స్కూల్లో సోషల్ చెప్పేవాణ్ణి. రిటైరైన ఏడాదికి మా ఆవిడ పోయింది. ఆ తర్వాత నిద్ర సరిగా పట్టేది కాదు. తెల్లవారుజామున లేచి ఇంట్లో ఏం చెయ్యాలో తెలియక సాగర్ కాలువ కట్ట మీదికి వెళ్ళేవాణ్ణి. మొదట నడిచాను. నడిస్తే ఆలోచనలు పక్కనే నడిచేవి. అందుకని పరుగెత్తాను. పత్తి తీతకు పోయే ఆడవాళ్ళు ఆటోలో ఇరుక్కుని కూర్చుని నన్ను చూసి నవ్వేవాళ్ళు.

"ఏంది మాస్టారూ, ఎవురు తరుముతన్నారు?"

"మీ ఆయనేనమ్మా, అప్పు అడుగుతాడని పారిపోతున్నా" అనేవాణ్ణి. ఆటో వెళ్ళిపోయాక మళ్ళీ కట్టా నేనూ.

రెండేళ్ళు అలా పరుగెత్తాక, నా దగ్గర చదువుకుని డ్రిల్లు మాస్టరైన ఒకతను చూసి, ముసలివాళ్ళకి కూడా పోటీలుంటాయని చెప్పి ఒంగోలులో రాష్ట్ర పోటీలకు పేరు రాయించాడు. పదివేల మీటర్లంటే మైదానం చుట్టూ ఇరవై అయిదు చుట్లు. మా వయసువాళ్ళు గడియారంలో ముళ్ళలా ఒకరినొకరు దాటుకుంటూ తిరుగుతుంటారు. ఎవరు ఎన్నో చుట్టులో ఉన్నారో చూసేవాళ్ళకే కాదు, పరుగెత్తేవాళ్ళకీ తెలియదు. అందుకే గీత దగ్గర లెక్క చూసేవాళ్ళు కూర్చుంటారు. ఒంగోలులో నాకు లెక్క చూసినతను నీలం గళ్ళ చొక్కా వేసుకుని, పల్లీలు తింటూ కూర్చున్నాడు. నాకు ఇరవై అయిదు అయ్యాయని గట్టి నమ్మకం. "ఇంకోటుంది సార్" అన్నాడు. తిరిగాను. వచ్చి చూస్తే కాగితం మీద ఇరవై ఆరు గీతలున్నాయి. ఇదేమిటని అడిగాను.

"పోనీలెండి సార్, ఒంటికి మంచిదే కదా" అన్నాడు, పల్లీల పొట్టు ఊదుకుంటూ.

క్షమించండి అనలేదు. ఆ అదనపు చుట్టులో నన్ను ఇద్దరు దాటిపోయారు. ఆ పల్లీల పొట్టు నా బూటు మీద పడింది. ఇది జరిగి ఎన్నేళ్ళయినా ఆ చొక్కా గళ్ళు నాకు కళ్ళకు కట్టినట్టు ఉంటాయి. ఆ రోజే అనుకున్నాను, ఇక ముందు ఎవడు చెప్పినా అదనంగా ఒక్క అడుగు కూడా వెయ్యకూడదని. నా లెక్క నా మనిషే చూడాలని.

నా మనిషంటే మా బావ. నిజానికి చుట్టరికం లేదు. చిన్నప్పుడు ఒకే పలక మీద రాసుకున్నాం, అప్పట్నుంచీ బావా అంటే బావా. అతను గుంటూరు మిర్చి యార్డులో ముప్ఫై ఏళ్ళు టిక్కీల లెక్క చూశాడు. టిక్కీ అంటే మిరపకాయల బస్తా. ముఠా కూలీలు వీపు మీద టిక్కీ వేసుకుని ముందు నుంచి నడుస్తుంటే, అతను ముక్కాలి పీట మీద కూర్చుని పైకి అరిచి లెక్కపెట్టేవాడు. కాగితం ముట్టుకునేవాడు కాదు. "రాసుకునేవాడు తల దించుతాడు బావా, ఆ దించినప్పుడే ఒక టిక్కీ పోద్ది" అనేవాడు. కొన్నవాడి మనిషీ, అమ్మినవాడి మనిషీ ఇద్దరూ అతని నోటి లెక్కకే తలూపేవాళ్ళు. ఒక్కసారి కూడా తిరగ లెక్కపెట్టిన పాపాన పోలేదని చెప్పుకునేవాడు. నేనూ నమ్మాను. ఇప్పటికీ నమ్ముతాను. అదే నా ఖర్మ.

జాతీయ పోటీలు గుంటూరులోనే అని తెలిసినప్పుడు నేను దరఖాస్తుతో పాటు వేరే కాగితం జతచేశాను. నా లెక్క చూడటానికి నా మనిషిని అనుమతించవలసిందిగా కోరాను. దానికీ జవాబు రాలేదు. కానీ పోటీ రోజు వెళ్ళి చూస్తే అక్కడ లెక్క చూడటానికి మనుషులే చాలలేదు. "మీతో ఎవరైనా వచ్చారా అండీ? వస్తే కూర్చోబెట్టండి" అని వాళ్ళే అడిగారు.

అది మాఘం చివర. బావా నేనూ బస్సులో గుంటూరు వెళుతుంటే రోడ్డు పక్కన కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన ఆటగాళ్ళు స్టేడియంలో దగ్గుతూ, ఈ ఘాటు ఎక్కడి నుంచి వస్తోందని అడుగుతున్నారు. జాతీయ పోటీలంటే ఏదో ఊహించుకున్నాను. గ్యాలరీలో ఆటగాళ్ళ సంచులు తప్ప మనుషులు లేరు. ఒక ముసలావిడ ఎనభై దాటినవాళ్ళ నూరు మీటర్లు పరుగెత్తి గీత దాటి, చేతులు రెండూ పైకెత్తి చుట్టూ చూసింది. చప్పట్లు కొట్టింది మేమిద్దరమే. ఆవిడ మా వైపు తిరిగి దణ్ణం పెట్టింది. "మన వూళ్ళో కోళ్ళ పందేనికి ఇంతకంటే జనం వస్తారు గదరా" అన్నాడు బావ.

మధ్యాహ్నం దాటాక మమ్మల్ని పిలిచారు. చొక్కాలకు నంబర్లు పిన్నులతో గుచ్చుకున్నాం. తొమ్మిది మందిమి. మెడలో ఈల వేసుకున్న ఒక కుర్రాడు బావ చేతిలో అట్ట, దాని మీద కాగితం, పెన్సిలు పెట్టి, "ఈ నంబరు మీది పెద్దాయనా" అని చెప్పి వెళ్ళిపోయాడు. ఎలా లెక్కపెట్టాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అని ఒక్క మాట చెప్పలేదు. నా ఆరు ఉత్తరాల్లోనూ ఈ మాట ఉంది. అర నిమిషం పని అది. ఆ అర నిమిషం ఎవరి దగ్గరా లేకపోయింది.

తుపాకీ పేలింది. గీత పక్కన బావ ఏదో అరిచాడు. అందరి వెనకా అందరి మనుషులూ అరుస్తున్నారు, నాకేమీ వినపడలేదు.

మొదటి మూడు నాలుగు చుట్లు గుంపుగా తిరిగాం. తర్వాత గుంపు చెదిరింది. హర్యానా నుంచి వచ్చిన ఒకాయన, మిలిటరీ మనిషిలా ఉన్నాడు, మమ్మల్నందరినీ వదిలేసి వెళ్ళిపోయాడు. అయిదో చుట్టో ఆరో చుట్టో వచ్చేసరికి నా ముందు ఎవరూ లేరు, వెనక ఎవరూ లేరు. ఎర్రటి ట్రాకు, వేడి, నా ఊపిరి చప్పుడు. ఇంట్లో వంటగదిలో గిన్నె కింద పెడితే ఎంత చప్పుడవుతుందో నాకు తెలుసు. ఇదీ అలాగే ఉంది. అయితే ప్రతి చుట్టుకీ ఒకసారి గీత దగ్గర బావ గొంతు వినిపించేది.

"ఎనిమిదీ! బావా, ఎనిమిదీ!"

"పన్నెండు! చేతులు కిందికి దించి పరిగెత్తవయ్యా, పన్నెండు!"

ఆ గొంతు కోసమే తిరిగినట్టు తిరిగాను. చుట్టంతా ఒక్కణ్ణే, ఆ పది గజాల్లో మాత్రం ఇద్దరం. నేను లెక్క వదిలేశాను. అతను లెక్కపెడుతుంటే నేనెందుకు పెట్టుకోవాలి? పన్నెండు అన్నాక పదమూడు అంటాడని ఎదురుచూడటమే నా పని. మా ఆవిడ పోయాక నన్ను ఎవరైనా అంత శ్రద్ధగా చూసింది ఆ యాభై నిమిషాలే అనుకుంటాను.

పద్దెనిమిది దాటాక నా ముందు ముప్ఫై గజాల్లో ఒక కేరళ మనిషి కనిపించాడు. అతను మూడో స్థానంలో ఉన్నాడని ఎవరో అనగా విన్నాను. అతని వీపు చూస్తూ పరుగెత్తాను. "ఇరవై నాలుగు! బావా, ఆఖరు చుట్టు! కొట్టెయ్!" అని బావ అరిచాడు. కొట్టేశాను. నాలో అంత పరుగు మిగిలి ఉందని నాకే తెలియదు. మలుపు దగ్గర కేరళ మనిషిని దాటాను. అతను నా వైపు ఆశ్చర్యంగా చూశాడు. గీత దాటి, గడ్డి మీద వెల్లకిలా పడిపోయాను. పడుకునే గడియారం బోర్డు చూశాను. నలభై ఎనిమిది నిమిషాలు చిల్లర. అంతకుముందు నా మంచి సమయం యాభై ఒకటి. రిటైరై ఇన్నేళ్ళయ్యాక రెండున్నర నిమిషాలు తగ్గించాను. ఆకాశం వైపు చూసి నవ్వాను కూడా. ఆ నవ్వు ఎంతసేపు ఉందో చెప్పమంటే చెప్పగలను. ఒక అమ్మాయి పరుగెత్తుకుంటూ నా దగ్గరికి వచ్చేదాకా.

ఆ అమ్మాయి పోటీల పనికి వచ్చింది, నరసరావుపేట వైపు ఎక్కడో డ్రిల్లు టీచరట. "మాస్టారూ, లేవండి, లేవండి. ఇంకో రౌండుందండీ మీకు."

"అయిపోయిందమ్మా."

"అయిపోలేదండీ! ఇరవై నాలుగే అయినాయి. ఆయన చూడండి, ఇంకా పరిగెత్తుతున్నాడు. లేవండి, నడిచినా చాలు!"

తల తిప్పి చూశాను. కేరళ మనిషి అవతలి మలుపులో ఉన్నాడు. అతన్ని నేను మొత్తం ఒక చుట్టు దాటేసి ఉంటాననుకున్నాను. ఆ గడియారాన్ని నమ్మినవాడు ఇంకేం అనుకుంటాడు? నా కళ్ళ ముందు నీలం గళ్ళ చొక్కా ఆడింది. బావ అట్ట పట్టుకుని వచ్చాడు.

"ఎవరమ్మాయ్ చెప్పింది ఇరవై నాలుగని? ఇరవై అయిదు. నేను గదా లెక్కపెట్టింది."

"తాతగారూ, మా దగ్గర షీటుంది..."

"నీ షీటు నువ్వే ఉంచుకో. ముప్ఫై ఏళ్ళు యార్డులో నా లెక్క మీద నోరెత్తినోడు లేడు. బావా, నువ్వు లేవమాక."

నేను లేవలేదు. ఇది దాచను. ఎర్ర టోపీ పెట్టుకున్న పెద్ద రెఫరీ కూడా వచ్చి ఇంకో చుట్టుందని ఇంగ్లీషులో చెప్పాడు. "ఉంటే నువ్వు తిరుగు" అన్నాను, తెలుగులోనే. ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కేరళ మనిషి వచ్చి గీత దాటాడు. ఇంకో నిమిషానికి నాలుగో మనిషి, ఆ తర్వాత అయిదో మనిషి. నేను గడ్డి మీద కూర్చుని చూస్తూనే ఉన్నాను. ఎర్ర టోపీ ఆయన బావ చేతిలో కాగితం తీసుకుని చూశాడు. దాని మీద ఒక్క గీతా లేదు. బావ పెన్సిలు చెవి మీద పెట్టుకుని ఉన్నాడు, అంతసేపూ అక్కడే ఉంది అది.

తిరుగు బస్సులో ఇద్దరం ఒకటే తిట్లు. నిజం చెప్పాలంటే ఆ తర్వాత ఏడాది నాకు బాగా గడిచింది. సాయంత్రమైతే బావ వచ్చేవాడు. నేను ఉత్తరం రాసి చదివేవాణ్ణి. అతను కాలు ఊపుకుంటూ వినేవాడు.

"'విచారకరం' అంటే ఏముందిరా అందులో? 'సిగ్గుచేటు' అని రాయ్."

"మరీ అంత గట్టిగా..."

"రాయ్ రా. ముప్ఫై ఏళ్ళ లెక్క నాది."

మొదటి మూడు ఉత్తరాలూ అలా ఇద్దరం రాసినవే. నేను ఇరవై అయిదు చుట్లూ తిరిగాననే వాటిలో ఉంది. జవాబు రాకపోతే ఇద్దరికీ ఒకే కోపం, ఒకే టీ.

మరుసటి ఏడు కల్లాల కాలంలో మా పెదనాన్న మనవడి మిరపకాయలు కోల్డ్ స్టోరేజీకి తరలిస్తుంటే నేనూ, బావా వెళ్ళాం. లెక్కకు అతన్నే కూర్చోబెట్టారు. నేను తాటాకు పందిరి నీడలో కూర్చుని చూస్తున్నాను. అంతకుముందు అతను లెక్కపెట్టడం నేనెప్పుడూ మొదటి నుంచీ చూడలేదు. కూలీ మొదటి టిక్కీని వీపు మీదికి ఎత్తుకున్నాడు. ఇంకా అడుగు వెయ్యలేదు. బావ అరిచాడు.

"లాభం!"

మా వైపు కొలిచేవాళ్ళు, లెక్కపెట్టేవాళ్ళు మొదటిదాన్ని ఒకటి అనరు. లాభం అంటారు. లాభం, రెండు, మూడు. వాళ్ళ తాతలనాటి నుంచీ అంతే. సరుకు కదిలిందంటే చాలు, ఆ మాట నోట్లోంచి రావాలి. అది నాకు తెలియని సంగతి కాదు. కానీ ఆ రోజు అది విని నేను నీడలోంచి లేచి నిలబడ్డాను.

"బావా, ఒక్క మాట. ఆ రోజు తుపాకీ పేలగానే నువ్వు ఏదో అరిచావు. ఏమన్నావు?"

"పని మధ్యలో ఇదేందిరా? రెండూ... మూడూ..."

"ఏమన్నావు?"

"లాభం అన్నా. ఇంకేమంటారు? అనకుండా లెక్కెట్టా మొదలవుద్ది?"

"నేను ఒక చుట్టు తిరిగొచ్చాక?"

"రెండు" అన్నాడు. అన్నాక ఆగాడు. ఎదురుగా కూలీ టిక్కీ మోస్తూ నిలబడిపోయాడు, తన లెక్క ఎవరూ చెప్పలేదని.

అతని లెక్కలో పొరపాటు లేదు. నేను అతని ముందు నుంచి సరిగ్గా ఇరవై అయిదుసార్లు వెళ్ళాను. తుపాకీ పేలినప్పుడు వెళ్ళింది మొదటిసారి. టిక్కీలైతే ఇరవై అయిదే. చుట్లు ఇరవై నాలుగు. ఇంత సులభమైన సంగతి ఏడాది పాటు ఇద్దరు పెద్దమనుషులకు తట్టలేదు.

అప్పుడు నేను నవ్వి ఊరుకుని ఉండవచ్చు. ఊరుకోలేదు. అక్కడ పది మంది కూలీలు, తొడిమలు తీసే ఆడవాళ్ళు, లారీ డ్రైవరు ఉన్నారు. అందరి ముందూ గట్టిగా అన్నాను: "ముప్ఫై ఏళ్ళలో యార్డులో ఎన్ని లారీలు ఇట్లా పంపావురా?"

డ్రైవరు పకపకా నవ్వాడు. "అయితే పెద్దాయనా, నా లారీలో కూడా ఒకటి తక్కువేనా?" అన్నాడు. ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

బావ కూలీ వైపు తిరిగాడు. ఆగినవాడికి "నాలుగు" అన్నాడు. చివరి టిక్కీ ఎక్కేదాకా, నూట పద్దెనిమిది, ఒక్క అంకె తడబడకుండా లెక్క చెప్పాడు. ఆ తర్వాత తువ్వాలు దులిపి భుజాన వేసుకుని పొలాలకు అడ్డంపడి వెళ్ళిపోయాడు. నాతో పాటు ఆటోలో రాలేదు. ఆ సాయంత్రం టీకి రాలేదు. తర్వాత ఏ సాయంత్రమూ రాలేదు.

నేనన్నది అన్యాయమే. టిక్కీల లెక్కలో అతను ఎన్నడూ తప్పలేదు, ఆ పద్ధతికి టిక్కీలు తప్పవు కూడా. అన్న పది నిమిషాలకే నాకు తెలిసింది. కానీ ఒంటరిగా గడ్డి మీద కూర్చుని ముగ్గురు దాటిపోతుంటే చూసింది నేను. అతను కాదు. ఆ మాటకు కూడా విలువుండాలి.

ఆ తర్వాత నేను ఉత్తరాలు మార్చి రాశాను. నేను తిరిగినవి ఇరవై నాలుగేనని ఒప్పుకున్నాను. ముందు రాసిన మూడు ఉత్తరాల్లో తప్పుందని నా చేత్తో నేనే రాసుకున్నాను. అలా రాయడానికి నాకు ఎంత కష్టమైందో నా సంగతి తెలిసినవాళ్ళకు తెలుసు. పరుగు అయిపోయిందని చెప్పి మీరు కూర్చోబెట్టిన మనిషే నన్ను ఆపాడు, నేను ఓపిక లేక ఆగలేదు, కాబట్టి ఆ మూడక్షరాల పక్కన ఒక వాక్యం చేర్చండి అని అడిగాను. మూడు ఉత్తరాలకూ మౌనమే. చివరికి సంఘం కార్యదర్శిగారు చీరాలలో ఏదో పోటీలకు వచ్చారని తెలిసి, రెండు బస్సులు మారి వెళ్ళి పట్టుకున్నాను.

"మళ్ళీ మీరేనా అండీ!" అన్నారు. ఉత్తరాలు చూశారన్నమాట.

"నేనేనండి."

"మీ మనిషిని మీరే తెచ్చుకున్నారు గదా మాస్టారూ. మమ్మల్ని ఏం చెయ్యమంటారు? సరే, ఒక పని చెయ్యండి. ఆ లెక్క చూసినాయన, పొరపాటున ఒక చుట్టు ముందే ఆపేశానని రాసి సంతకం పెడితే తీసుకురండి. రికార్డులో ఒక నోట్ పెట్టిస్తా."

నోటిమాటే. కాగితం ఇవ్వలేదు. అయినా నాకు చాలు. ఇంటికి వచ్చి ఆ రెండు వాక్యాలూ బావ తరపున నేనే రాశాను, కింద సంతకానికి చోటు వదిలి. ఆదివారం చర్చిలో అతను ఎప్పుడూ కూర్చునే బెంచీ మీద కూర్చున్నాను. అతను వచ్చి నన్ను చూసి, నాలుగు వరసల వెనక్కి వెళ్ళాడు. ప్రార్థన అయ్యాక చెప్పులేసుకుంటుంటే కాగితం చేతిలో పెట్టాను. తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. రెండో చెప్పు వేసుకుని వెళ్ళిపోయాడు. నెల రోజులు చూశాను. వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళావిడ గుమ్మంలోకి వచ్చింది.

"ఇంట్లో లేరన్నయ్యా."

అతని చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నాయి. ఆమె వాటి వైపు చూసింది, నా వైపు చూసింది.

"మజ్జిగ తాగి వెళ్ళండన్నయ్యా, ఎండన పడి వచ్చారు" అంది. ఆ గొంతులో జాలి ఉంది. నాకు అదే పడదు. తాగకుండా వచ్చేశాను.

మళ్ళీ రాశాను, ఆ కాగితం. ఈసారి "పొరపాటున" అనే మాట తీసేశాను. పాస్టరుగారి చేతికిచ్చి పంపాను. జవాబు లేదు. మూడోసారి ఇలా రాశాను: "అతను నా ముందు నుంచి ఇరవై అయిదుసార్లు దాటాడు. నేను టిక్కీలు లెక్కపెట్టే పద్ధతిలో లెక్కపెట్టి ఆపాను." ఇందులో తప్పు ఒప్పుకోవడం ఏముంది? జరిగింది జరిగినట్టు ఉంది. కార్యదర్శిగారు దీనికి ఒప్పుకుంటారో లేదో కూడా నాకు తెలియదు. అయినా పోస్టులో పంపాను, ఒకే ఊళ్ళో రెండు వీధుల అవతలికి. పోస్ట్‌మ్యాన్ నవ్వాడు. "నేనే తీసుకెళ్ళి ఇస్తాలెండి మాస్టారూ, స్టాంపు దండగ" అన్నాడు. స్టాంపు అంటించే పంపాను.

ఇప్పుడు తెల్లవారుజామున కాలువ కట్ట మీద పరుగెత్తుతున్నాను. మోకాలు నొప్పి పుడుతోంది. అరవై అయిదు దాటాను, విభాగం మారింది. వచ్చే పోటీల దరఖాస్తులో, గత జాతీయ పోటీల ఫలితం రాయమని ఒక గడి ఉంది. ఆ గడి ఖాళీగా పెట్టుకుని మూడు వారాలుగా కూర్చున్నాను. అందులో ఆ మూడక్షరాలు నా చేత్తో నేను రాయను. గడువు ఈ నెలాఖరు.

కట్ట మీద నేను చుట్లు తిరగను. పోవడం, రావడం. అయినా తూము దగ్గరికి వచ్చేసరికి చెవి దానంతట అదే ఒక అంకె కోసం చూస్తుంది. ఏ అంకె వినపడినా పరవాలేదు. తక్కువైనా, ఎక్కువైనా.

బావా, నువ్వు చదవకపోయినా ఇది నీకు చదివి వినిపించేవాళ్ళు ఉన్నారు. సంఘంవాళ్ళు పట్టించుకోకపోతే పట్టించుకోకపోనీ, వాళ్ళు నాకు కొత్తవాళ్ళు. నువ్వు కాదు. కల్లంలో నేనన్న మాట తప్పు. పది మందిలో అన్నాను కాబట్టి పది మందీ చదివేచోటే తప్పని రాస్తున్నాను. ఇంతకంటే నన్ను అడగకు, నా వల్ల కాదు. ఇప్పుడు నీ వంతు. ఆ కాగితం మీద సంతకం పెడతావా, పెట్టవా? పెట్టనంటే పెట్టనని మా గుమ్మంలోకి వచ్చి నా మొహాన చెప్పు. తిట్టాలనుంటే తిట్టు. అంతేగానీ ఇంట్లో ఉండి లేనని చెప్పించకు. నెలాఖరు లోపల చెప్పు. నిన్నే అడుగుతున్నాను, జవాబు చెప్పు.